తేజేశ్వర్ పార్టీ మార్చిన సంగతి

బేతంచెర్లలో పార్టీలు మార్చేవాళ్లకు కొదవలేదు. కానీ తేజేశ్వర్ మార్చిన పార్టీ సంగతి ఊళ్లో ముగ్గురికి తప్ప ఇంకెవరికీ తెలియదు. చెప్పినా అర్థమయ్యేది కాదు. అది ప్రోగ్రెసివ్ రాక్ గొడవ.

ప్రోగ్రెసివ్ రాక్ అంటే రాక్ సంగీతమే, కాకపోతే ఒక పల్లవి, రెండు చరణాలు పాడేసి ఇంటికి పోయే రకం కాదు. పాట పెట్టి, స్నానం చేసి, టిఫిన్ తిని వచ్చినా అదే పాట నడుస్తూ ఉంటుంది. అందులో మళ్లీ శాఖలు! ఆర్గన్లూ ఫ్లూట్లూ వయొలిన్లూ కలిపి పెద్ద కచేరీలా నడిపేది సింఫొనిక్. చుక్కల్లో తేలుతున్నట్టు సాగదీసేది స్పేస్ రాక్. పల్లెపాటల వాసన వస్తే ఫోక్. ఏడు దెబ్బలకో పదకొండు దెబ్బలకో తాళం తిప్పుతూ గిటార్లతో గుండెల మీద గుద్దేది ప్రోగ్ మెటల్. ఒక శాఖవాడికి ఇంకో శాఖవాడంటే అస్సలు పడదు. మనకు ఉన్న కులాలు చాలనట్టు!

తేజేశ్వర్‌కు నాపరాళ్లు కోసి పాలిష్ పట్టే ఫ్యాక్టరీ ఉంది. ఆదివారం మిషన్లు ఆపేస్తారు. ఆ మధ్యాహ్నం ఫ్యాక్టరీ ఆఫీసు గదిలో ముగ్గురు స్నేహితులు కూర్చుంటారు. తేజేశ్వర్, లారీలు మాట్లాడిపెట్టే భూపేష్, హైస్కూల్లో లెక్కలు చెప్పే దావీదురాజు. ముగ్గురూ చిన్నప్పుడు ఒకే బెంచీ. దావీదురాజు చర్చిలో కీబోర్డు వాయించి, ప్రార్థన అయిపోగానే నేరుగా ఇక్కడికే వస్తాడు. నియమం ఒక్కటే. ఒక ఆల్బం మొదటి నుంచి చివరిదాకా వినాలి, మధ్యలో ఎవరూ నోరెత్తకూడదు. అయిపోయాక ఎంతైనా తిట్టుకోవచ్చు.

తేజేశ్వర్, దావీదురాజు మొదటి నుంచీ సింఫొనిక్ వాళ్లు. భూపేష్ ఒక్కడే మెటల్. ఇద్దరూ కలిసి ఏళ్ల తరబడి వాణ్ణి వాయించారు. అలాంటిది ఏడాది కిందట తేజేశ్వర్ ఉన్నట్టుండి మెటల్ పెట్టమనడం మొదలుపెట్టాడు.

"ఇన్నాళ్లకు బుద్ధొచ్చిందప్పా మా తేజాగానికి!" అని భూపేష్ ఎగిరి గంతేశాడు.

దావీదురాజుకు మాత్రం మింగుడుపడలేదు. "ఏమైండాదిరా నీకి? ఆ గోలకు తలనొప్పి అంటాంటివి కదా?"

"అది అప్పుడు. ఆ సింఫొనిక్‌లో ఏముండాదప్పా, పప్పు లేని చారు! ముసలోళ్ల సంగీతం," అన్నాడు తేజేశ్వర్.

దావీదురాజు ముఖం చిన్నబోయింది. తేజేశ్వర్ అది చూశాడు. చూసి కూడా వాల్యూం ఇంకొంచెం పెంచాడు.

అసలు సంగతి వేరే. బండలు కోసే మిషన్ల పక్కన ఇరవై ఏళ్లు నిలబడ్డ మనిషి. చెవులకు ఏమన్నా పెట్టుకోమంటే నవ్వేవాడు. పైగా ఇంటికి పోయి హెడ్‌ఫోన్లు తగిలించుకునేవాడు. ఏమవుతుంది మరి! కర్నూలులో చెవుల డాక్టరు మెత్తగానే చెప్పాడు. ముందు సన్నటి శబ్దాలు పోతాయి, మీకు పోయాయి. పోయినవి తిరిగి రావు. చెవి మిషన్ పెట్టుకుంటే మాటలు బాగానే తెలుస్తాయి, సంగీతం మాత్రం మునుపటిలా ఉండదు.

తేజేశ్వర్ ఆ మాట ఎవరికీ చెప్పలేదు. భార్య శ్రీవాసవికి కూడా చెప్పలేదు. ముగ్గురిలో అసలైన చెవి తనదేనని పేరు. ఎక్కడ ఏ వాయిద్యం శ్రుతి తప్పిందో చెప్పేది తనే. చెవిటివాడని తెలిస్తే వీళ్లు తనతో వాదిస్తారా? అయ్యో పాపం అంటారు, పాట పెట్టకుండా టీ తాగి పోతారు. ఆ ఆదివారం మధ్యాహ్నాలు పోతే తనకు మిగిలేది బండల దుమ్ము, బేరాలు, అంతే. ఆ భయంతోనే పార్టీ మార్చాడు. మెటల్ అయితే డప్పు దెబ్బ కుర్చీలోంచి వెన్నులోకి వస్తుంది. సింఫొనిక్‌లో ఫ్లూటు వచ్చే చోట వాడికి ఇప్పుడు గాలి కూడా వినపడదు.

ఇలా ఉండగా ఒక ఆదివారం దావీదురాజు లాప్‌టాప్ చంకలో పెట్టుకుని వచ్చాడు.

"ఈ పొద్దు ఎవరి ఆల్బమూ లేదు. నాది ఇందాం," అన్నాడు సిగ్గుపడుతూ.

నాలుగేళ్లుగా ఇంట్లో ఒక్కడే కూర్చుని చేసిన పాట అది. పేరు 'ఎర్రమల', ఊరి పక్క కొండల పేరే. నాలుగు భాగాలు, మొత్తం అరగంటకు తక్కువ లేదు. చేస్తున్నాడని ఇద్దరికీ తెలుసు, ఒక్క ముక్క కూడా వినిపించలేదు. "మొదట నువ్వు చెప్పాల తేజా. నువ్వు బాగుండాదంటేనే బయట పెడతా," అన్నాడు.

మొదటి భాగంలో కొండను పేల్చినట్టు డ్రమ్స్ వచ్చాయి. తేజేశ్వర్‌కు ప్రాణం లేచొచ్చింది. రెండోదాంట్లో బేస్ గిటారు బరువు లారీలా ఎత్తెక్కింది. మూడో భాగంలో అన్నీ ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఇంకేదో వస్తుందని తేజేశ్వర్ ఎదురుచూశాడు. ఏమీ రాలేదు. అప్పుడే శ్రీవాసవి బొరుగుల ఉగ్గాని, బజ్జీల క్యారియర్ పట్టుకుని వచ్చి వాకిట్లోనే నిలబడిపోయింది. పాట అయిపోయేదాకా మర్యాదకు ఆగిందనుకున్నాడు. కాసేపటికి నాలుగో భాగం డ్రమ్స్‌తో మళ్లీ అందుకుంది.

పాట అయిపోయింది. దావీదురాజు తేజేశ్వర్ ముఖంలోకే చూస్తున్నాడు.

"అదరగొట్టినావ్ దావీదూ! మొదటిది, రెండోది, కడాది, తిరుగులేదు," అన్నాడు తేజేశ్వర్. అక్కడితో ఊరుకుని ఉంటే బాగుండేది. తన చెవి పేరు నిలబెట్టుకోవాలి కదా, ఏదో ఒక తప్పు పట్టాలి. "మూడోదాంట్లోనే, నడిమధ్య రోంతసేపు ఏమీ లేదప్పా. ఊరికే బోడిగా ఉండాది. అది తీసేయ్."

"ఏమీ లేదా?"

"ఏమీ లేదు. జనాలు నిద్రపోతారు."

భూపేష్ ఎటూ మెత్తటి సంగీతం ఓర్చుకోలేడు. "నాక్కూడా సాగినట్లే అనిపించినాది," అని వంత పాడాడు.

దావీదురాజు లాప్‌టాప్ మెల్లగా మూశాడు. "నీ చెవి మీద నాకి నమ్మకముండాదిలే," అని లేచాడు. ఉగ్గాని తినిపొమ్మని శ్రీవాసవి ఎంత బతిమాలినా ఆగలేదు.

ఆ తర్వాత ఆదివారం రాలేదు. పేపర్లు దిద్దాలని ఫోన్లో చెప్పాడు. పై ఆదివారం కూడా రాలేదు. కత్తిరించిన పాట మాత్రం ఫోన్‌కు పంపాడు. కింద ఒక్క మాట కూడా రాయలేదు.

ఆ రాత్రి అన్నం తినేటప్పుడు శ్రీవాసవి అంది, "దావీదన్న ఎందుకు రాల్యా? ఆ పొద్దు ఆ ఫ్లూటు ఎంత బాగా ఊదినాడండీ! సన్నంగా, యాడో కొండ మీద ఎవురో ఒంటరిగా ఏడ్చినట్లు. నాకి కండ్లల్లో నీళ్లొచ్చి ఆడనే నిలబడిపోతి."

తేజేశ్వర్ చేతిలోని ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "ఏ ఫ్లూటు?"

ఆమె భర్తను అలాగే చూసింది. టీవీ సౌండ్ ఎందుకు పెరుగుతోందో, పిలిస్తే ఎందుకు పలకడో అన్నీ ఒక్కసారి అర్థమైనట్టున్నాయి. "మీకి వినపల్యా?" అంది నెమ్మదిగా.

"ఎందుకు వినపడదు! మరిచిపోయినా, అంతే," అని కసిరి, చెయ్యి కడుక్కుని లేచిపోయాడు.

మరుసటి సాయంత్రం దావీదురాజు ఇంటికి వెళ్లాడు. తప్పు ఒప్పుకోవాలని కాదు. దాన్ని ఇంకో అబద్ధంతో సర్దేద్దామని. దావీదురాజు ఇంటి ముందు అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"మళ్లా ఇన్నా దావీదూ. మూడోదాంట్లో ఆ ఫ్లూటు శానా బాగుండాది. నేనే తొందరపడి అన్నా. తీసేయొద్దు."

"దేంట్లో ఇన్నావ్?"

"నువ్వు ఫోన్‌కు పంపినదాంట్లోనే!"

"దాంట్లో ఫ్లూటు లేదు తేజా. నువ్వన్న పొద్దే చెరిపేసినా. ముందుది ఎవురికీ ఇయ్యల్యా," అన్నాడు దావీదురాజు.

దావీదురాజు లోపలికి వెళ్లి ఫ్లూటు తెచ్చాడు. వేలెడు లావు కూడా లేని చిన్న వెదురు ఫ్లూటు. తేజేశ్వర్‌ను అరుగు మీద కూర్చోబెట్టి, తను ఎదురుగా కూర్చుని, కళ్లు మూసుకుని ఊదడం మొదలుపెట్టాడు.

మొదట ఆవిరిలా ఏదో కొంచెం తగిలింది. తర్వాత అది పైకి వెళ్లిపోయింది, ఇక రాలేదు. వేళ్లు కదులుతున్నాయి. గొంతు నరాలు ఉబ్బుతున్నాయి. పక్కింటి వాకిట్లో బిందె ఎత్తుకోబోయిన ముసలామె బిందె దించేసి ఇటే తిరిగి నిలబడింది. ఆమె ముఖం మెల్లగా మారుతోంది. ఆ పాట ఆ ముసలామెకు వినపడుతోంది, వీధిలో పోయేవాళ్లకు వినపడుతోంది, తనకు వినపడటం లేదు.

దావీదురాజు ఫ్లూటు దించి కళ్లు తెరిచాడు. "ఎట్లుండాది?"

అద్భుతం అనే మాట నాలుక చివర సిద్ధంగా ఉంది. ఏడాదిగా అలవాటైన మాటే.

"వినపల్యా దావీదూ," అన్నాడు.

"ఎప్పట్నించి?"

"ఏడాది దాటింది. ఇంక రాదంట."

"మరి ఇన్ని ఆదివారాలు కండ్లు మూసుకోని తల ఊపుతాంటివి కదరా! ఏం ఇంటాంటివి?"

"అన్నీ పాతవే కదప్పా. గుర్తుండాయి. గుర్తున్నదే ఇంటాంటి."

దావీదురాజు దిగ్గున లేచాడు. "నువ్వు ఏమీ లేదంటే నిజంగానే ఏమీ లేదనుకున్యా! అన్నేండ్లు చేసింది ఒట్టిదనుకోని మళ్లా దీన్ని ముట్టల్యా, తెలుసా? నా పాట పాడయ్యేదాకా ఒక్క మాట చెప్పకుంటే ఎట్లరా!"

తేజేశ్వర్ తల వంచుకుని ఆ మాటలన్నీ పడ్డాడు. చాలాసేపటికి దావీదురాజు కోపం దిగింది. దిగాక గొంతు ఇంకోలా మారింది.

"మరి నాది నీకి గుర్తు కూడా లేదు కదప్పా," అన్నాడు. "నాది కొత్తది. నాది నువ్వు ఇన్నే లేదు."

ఈ మాట తేజేశ్వర్‌కు ఇంతవరకు తట్టలేదు. వాడు ముఖం చేతుల్లో పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"ఇన్లేదు. ఇంక ఇనను కూడా," అన్నాడు ఏడుస్తూనే. "నువ్వు మాత్రం దాన్ని మళ్లా ఎక్కించు దావీదూ. అది ఉండాల."

దావీదురాజు వచ్చి వాడి పక్కన అరుగు మీద కూర్చుని, వాడి వీపు మీద చెయ్యి వేశాడు.