దుర్ఘటన అను తత్సమము

రాయ్‌పూర్ రైల్వే కాలనీ మైదానానికి ఆ ఉదయం రాజయోగం పట్టింది. వేదికకు ఎర్ర తివాచీ, మైకుకు బంతిపూల దండ, నల్లరాతి ఫలకానికి పసుపు పట్టుగుడ్డ. ఆ గుడ్డను లాగవలసిన తాడు కొస రంగనాయకమ్మ చేతిలో పెట్టారు. కొడుకును పోగొట్టుకున్న తల్లికి ఇంతకు మించిన సత్కారం ఏ చక్రవర్తి చేయగలడు!

పన్నెండేళ్ల కిందట ఇక్కడే, దసరా రావణుడు కాలుతుండగా, ముందు వరుసలో కుర్చీ ఇవ్వలేదన్న మహాపరాధానికి భన్‌పురి కాంట్రాక్టరు మేనల్లుడు తుపాకీ తీసి జనం మీద కాల్చాడు. పటాకులనుకొని జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలోనే ఆరుగురు కూలిపోయారు. ఆమె కొడుకు ధనుంజయ్ వారిలో ఒకడు. మేనల్లుడు బెయిలు మీద నిక్షేపంలా ఉన్నాడు. ఉదారహృదయుడైన మేనమామ ఈ రాయిని దానం చేసి, వేదిక నడిమి కుర్చీని అలంకరించాడు.

ఫలకం మీది వాక్యాన్ని ఆమోదించిన పండితుడు తెలుగు సంఘం అధ్యక్షుడు భీమారావు. "'దసరా దుర్ఘటన దివంగతుల స్మృతిలో'. అచ్చమైన తత్సమం తల్లీ! హిందీకీ మనకీ ఒకటే మాట" అని కిందటి నెల ఇంటికొచ్చి వినిపించాడు. దుర్మార్గమైన ఘటనే కదా అని ఆమె తలూపింది. ఆమెకు తెలిసిన బజారు హిందీలో ఆ మాట ఏనాడూ తగల్లేదు.

పక్క కుర్చీలోని, నాటి సంగతి తెలియని అభన్‌పూర్ ఆవిడ వేదిక మీది బ్యానరు చదివి, జాలిగా అడిగింది: "ట్రక్ రిహిస్ కా, దాయీ?"

లారీయా అని! "కౌన్‌సా ట్రక్?" అంది రంగనాయకమ్మ.

"దుర్ఘటనా లిఖే హే న. ఎక్సిడెంట్!"

రంగనాయకమ్మ లేచి భీమారావు ముందు నిలబడింది. "ఏటి బాబూ, నా కొడుకు లారీ కింద పడి సచ్చిపోనాడా?"

"హిందీలో కాస్త అర్థభేదం ఉంది తల్లీ. సంస్కృతంలో చూస్తే..."

"నీ సంస్కృతం నీ ఇంట్లో ఎట్టుకో. తుపాకీ ఎవుడి సేతిలో ఉంది?"

"ఇప్పుడెలాగమ్మా? రాయి చెక్కేశారు."

"సెక్కినోడే మళ్లీ సెక్కుతాడు."

"మాతాజీ, రస్సీ ఖీంచియే!" అని మైకు మధురంగా పిలిచింది. కాంట్రాక్టరు చప్పట్లకు చేతులెత్తి సిద్ధంగా ఉన్నాడు. రంగనాయకమ్మ తాడు లాగలేదు. రాతి చుట్టూ తిరుగుతూ ఆ తాడునే గుడ్డ మీదుగా బిగించి, ముడి మీద ముడి వేసింది. తర్వాత మైకు అందుకుంది.

"ఎక్సిడెంట్ నహీఁ! గోలీ మారా! ఇస్‌కా భాంజా గోలీ మారా!"

ఇతని మేనల్లుడే కాల్చాడన్న ఆ హిందీ వాక్యంలో 'భాంజా' పక్కన 'నే' అనే ప్రత్యయం లోపించిందని భీమారావుకు తెలుసు. సరిదిద్దే ధైర్యం లేకపోయింది. కాంట్రాక్టరు చేతులు గాలిలోనే ఉన్నాయి. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

రంగనాయకమ్మ రాతికి వీపు ఆనించి కూర్చుంది. "ఉలి తెండి" అంది.