ఏడో బల్ల మీది పిన్ను

పదకొండో బల్ల మీద మళ్లీ ఎవరో మోచెయ్యి ఆనించారు. అటెండరు పళ్లు నూరుకుంటూ పళ్లెం సరిచేసి, ఒలికిన మందునీళ్లు తుడిచి, గంట కొట్టాడు. రెండు నిమిషాలకో గంట. గంట మోగినప్పుడల్లా మానసిక వైద్యం చదివే డాక్టర్లు ఒక బల్ల ముందుకు జరగాలి. పళ్లెంలోని మెదడు ముక్కకు గుచ్చిన ఎర్రతల పిన్ను చూసి, ఆ భాగం పేరు రాయాలి. అదే పరీక్ష. ఇరవై బల్లలు, పద్దెనిమిది మంది.

"ముట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పాలి? చూసేది కళ్లతో బాబూ, చేతులతో కాదు!"

ముప్పై ఏళ్లుగా ఇదే మాట. మెదళ్లు కుళ్లకుండా పోసే ఫార్మలిన్ ఘాటుకు అతని కళ్లు ఎప్పుడూ ఎర్రగానే ఉంటాయి. వేళ్ల చివర్లు తోలులా మొద్దుబారాయి. ఇంటికెళితే భార్య ముందు సబ్బు అందించి, తర్వాతే మంచినీళ్లిస్తుంది. చదివింది ఎనిమిదో తరగతి. అయినా మెదడును ఎక్కడ కోస్తే ఏది బయటపడుతుందో అతనికి తెలిసినంత ప్రొఫెసరుకు తెలియదు. ఆ సంగతి ప్రొఫెసరుకు తెలుసు. గొడవంతా అక్కడే.

చివరి గంట కొట్టగానే పిన్నులన్నీ పీకి డబ్బాలో పడేశాడు.

అరగంటకు మార్కులొచ్చాయి. వరండాలో 'అక్కగారు' గోడకానుకుని నిలబడింది. నలభై దాటాక ఈ చదువుకొచ్చిందని తోటివాళ్లు పెట్టిన పేరది. ఆమెకిది ఆఖరి అవకాశం. పాసవడానికి ఒక్క మార్కు తగ్గింది.

"ఏడో బల్ల మీద పిన్ను హిప్పోకాంపస్‌కే ఉంది బాబాయ్. అమిగ్డలా అని రాయాలంట!"

"అమిగ్డలాకే గుచ్చాను తల్లీ. నేను గుచ్చింది నాకు తెలీదా? చదవరు, చివరికి నా మీద పడతారు."

విసుక్కుంటూనే లోపలికెళ్లి ఏడో పళ్లెం లైటు కింద పెట్టాడు. పైన బాదంగింజంత అమిగ్డలా. దాని కిందే హిప్పోకాంపస్. మందులో ఊరిన మెదడు గాయం పూడ్చుకోదు. చిల్లు ఒకటే ఉండాలి. రెండున్నాయి.

పళ్లెం పట్టుకుని నేరుగా ప్రొఫెసరు గదిలోకి నడిచాడు.

"ఎవరో ముక్క ఎత్తి చూశారు సార్. పిన్ను ఊడితే తోచినచోట గుచ్చేశారు."

"ఆ రెండో చిల్లు ఇప్పుడు మీరే పొడవలేదని ఏంటి నమ్మకం?"

"ఏడో బల్ల దాటిన వరసలో కాగితాలు చూడండి."

మొదటి ఏడుగురూ అమిగ్డలా అని రాశారు. ఎనిమిదో కాగితం నుంచి పదకొండు మందీ హిప్పోకాంపస్.

"మొద్దులంతా ఏరికోరి ఒకేచోట క్యూ కట్టారా సార్?"

ప్రొఫెసరు కాగితాలు సర్దాడు. చాలాసేపు సర్దాడు.

"మార్కులు మార్చాలంటే పైవాళ్లకి కారణం చెప్పాలి. హాలు చూసుకునేది మీరు. పిన్నులు సరిచూడకుండా పీకేసిందీ మీరే. మీ అజాగ్రత్త అని రాసి సంతకం పెట్టండి."

అతని ఫైల్లో ఇన్నేళ్లలో ఒక్క మచ్చ లేదు. రిటైర్మెంటుకు మూడు నెలలుంది. తలుపు సందులోంచి అక్కగారి పాదాలు కనిపిస్తున్నాయి, కదలకుండా.

కాగితం లాక్కున్నాడు. రెండు ముక్కలు రాసి ఆగాడు.

"రాసే పెన్నివ్వండి సార్. ఇది గీకుతోంది."

సాయంత్రానికి అక్కగారు పాసయింది. మర్నాడు అతనికి ఆర్డరొచ్చింది: హాలు నుంచి స్టోరుకు.

"చీపుళ్లకి కాపలా కాయడానికా నేను?" అని ఆ కాగితం వెనకే మూడు నెలలకు సెలవు రాసి, గుమాస్తా బల్ల మీద పడేసి వెళ్లిపోయాడు. ఎవరూ ఆపలేదు. నిజానికి ఎవరూ తలెత్తి చూడలేదు.

వారం తర్వాత అక్కగారు అతన్ని వెతుక్కుంటూ వచ్చింది. గంట దగ్గర ఎవరో కొత్త మనిషి. "ఆయన రారమ్మా" అన్నాడు.

ఆమె గుమ్మంలోంచి లోపలికి చూసింది. తలుపు వెనక మేకుకు అతని రబ్బరు ఏప్రను వేలాడుతోంది. పొట్ట దగ్గర, మెదళ్లు ఊరబెట్టే తొట్టి అంచుకు ఏళ్ల తరబడి ఆనిన చోట, అడ్డంగా ఒక తెల్లటి అరుగుడు గీత.