రామకోటేశ్వరరావు గారి నిద్ర

పొద్దున్నే కొట్టు చెక్కలు తియ్యగానే మార్త చేసే మొదటి పని, పాత దిండ్లని రోడ్డువార నులకమంచం మీద ఎండకి పరవడం. దూది గడ్డలు కట్టిన దిండ్లన్నీ గుణదలలో ఆమె దగ్గరికే వస్తాయి. వాటిని విప్పి, దూదిని గుల్ల చేసి మళ్ళీ కూరాలంటే ముందు లోపల ఇంకిన నిద్ర ఆరిపోవాలి. ఎండ చురుక్కుమనేసరికి మంచం మీద సందడి మొదలవుతుంది. చంటిపిల్ల దిండు కిసుక్కున నవ్వుతుంది. రైల్వే గార్డు దిండు ఉలిక్కిపడి ఏదో స్టేషను పేరు చెప్పి మళ్ళీ సర్దుకుంటుంది. టీచరమ్మ దిండు ఎవర్నో కూర్చోమని గదమాయిస్తుంది. ఎండ నడినెత్తికొచ్చేసరికి అన్నీ నోళ్ళు మూసుకుని తేలికపడతాయి. అప్పుడు మార్త దబ్బనం తీసి కుట్లు విప్పడం మొదలుపెడుతుంది. దారిన పోయేవాళ్ళు అక్కడ ఆగరు. ఒకరి దిండు ఇంకొకరు నిలబడి వినడం మర్యాద కాదు.

ఆ రోజు మాత్రం ఒకాయన ఆగాడు. ఆ కొట్ల వరస, వెనకాల డాబా ఇల్లు ఆయనవే. పేరు రామకోటేశ్వరరావు. పామర్రు దగ్గర పొలాలున్నాయి, వాటి మీద వచ్చే గింజలున్నాయి, కాబట్టి ఎవరితోనూ మెత్తగా మాట్లాడాల్సిన అవసరం ఆయనకి ఎప్పుడూ రాలేదు.

"ఏమ్మాయ్, ఈ గోలంతా లోపల పడెయ్. నెలాఖరుకి కొట్టు కూడా ఖాళీ చెయ్."

మార్త చేతిలో దిండు మంచం మీద పెట్టింది. "ఎందుకండీ? నేనేం తప్పు చేశాను?"

"నువ్వు తప్పు చేస్తేనే ఖాళీ చేయించాలా? రబ్బరు దిండ్లాయన వస్తున్నాడు. మద్రాసు సరుకు. నొక్కితే మళ్ళీ పైకి లేస్తుంది. నీ బూరుగు దూది ఇంకెవడిక్కావాలి?"

"నొక్కితే లేచేదాని మీద నిద్రెలా పడుతుందండీ? రాత్రంతా తలని పైకి తోస్తానే ఉంటుంది గదా."

"ఓహో. నీ దాని మీద పడుకుంటే స్వర్గం కనపడుతుందేమిటి?"

మార్తకి చప్పున కోపం వచ్చింది. ఆ కొట్టు ఆమెకి ఎవరూ పెట్టి ఇచ్చింది కాదు. కాన్వెంటు సిస్టర్ల దగ్గర కుట్టు నేర్చుకున్న ఆడపిల్లలందరూ జాకెట్లు కుడుతుంటే, మార్త ఒక్కతే కూర్చుని లెక్క వేసింది. జాకెట్లు వేసుకునేది ఆడవాళ్ళే. తల లేనివాళ్ళు మాత్రం ఊళ్ళో ఎవరూ లేరు. వీధికి నలభై ఇళ్ళు, ఇంటికి అయిదారు తలలు. అంతే, బూరుగు కాయలు పగిలే రోజుల్లో బస్సెక్కి మైలవరం వెళ్ళి, దూది బస్తాల మీద కూర్చుని తిరిగొచ్చింది. ఇప్పుడు ఈ కొట్టు పోతే మళ్ళీ పామర్రులో అన్న ఇంటికే చేరాలి. అక్కడ వదిన గిన్నెలు ఎత్తి కింద పడేసే చప్పుడుతోనే మాట్లాడుతుంది.

"పందెం కాయండి," అంది మార్త. "మీకు కొలిచి దిండు చేసిస్తాను. దాని మీద మీకు నిద్ర పట్టకపోతే తాళంచెవి నేనే తెచ్చి మీ చేతిలో పెడతా. పడితే మాత్రం నా జోలికి రాకూడదు."

రామకోటేశ్వరరావు ఆమె వైపు చూసి, పక్క సైకిలు షాపు ముందు నిలబడ్డ నలుగురి వైపు చూసి, నవ్వాడు. "అలాగే. అందరూ విన్నారుగా."

ఆయన వెళ్ళాక సైకిలు షాపు అబ్రహాము చేతి గ్రీజు గుడ్డకి తుడుచుకుంటూ వచ్చాడు.

"ఏం పని చేశావే మార్తా? ఆయనకి నిద్ర పట్టిందో లేదో చెప్పాల్సింది ఎవరు?"

"ఆయనే."

"మరి?"

లెక్కలో తను ఎప్పుడూ తప్పదు. ఈసారి లెక్కంతా సరిగ్గా వేసి, జవాబు తీసుకెళ్ళి శత్రువు నోట్లో పెట్టి వచ్చింది.

మర్నాడు కొలతకి ఆయన ఇంటికి వెళ్ళింది. ముందుగదిలో పందిరి మంచం మీద ఆయన పక్కకి తిరిగి పడుకున్నాడు. చెవికీ మంచానికీ మధ్య ఎంత ఖాళీ ఉందో మార్త బెత్తలు పెట్టి చూసింది. భుజం వెడల్పు, మెడ పొట్టి. పక్కకి తిరిగితే ఎత్తు కావాలి, వెల్లకిలా పడుకుంటే అంత ఎత్తు పనికిరాదు.

"ఎటు తిరిగి పడుకుంటారండీ?"

"నిద్రే పట్టనివాడికి ఎటైతే ఏమిటి?"

గుమ్మం దగ్గర ఆయన భార్య ఛాయాదేవి నిలబడి ఉంది. కళ్ళ కింద నల్లటి చారలు. ఎంతసేపు చూసినా ఆవిడ గోడకి ఆనుకోలేదు. ఆనుకుంటే ఎక్కడ కునుకు పడుతుందో అన్నట్టు నిటారుగా నిలబడింది.

"ఏమే, మంచినీళ్ళు."

ఆయన మాట పూర్తికాక ముందే గ్లాసు వచ్చింది.

మార్త దిండు కుట్టింది. గింజ అన్నది లేకుండా దూది ఏరింది. ఒక మూల కుట్టు వెయ్యకుండా వదిలింది, అవసరమైతే దూది తియ్యడానికీ పెట్టడానికీ. ఇచ్చిన మర్నాడు తెల్లారగానే రామకోటేశ్వరరావు దిండు గుడ్డలో చుట్టుకుని స్వయంగా వచ్చాడు.

"ఎత్తుగా ఉంది. నిద్ర లేదు."

ఆమె మూలలోంచి గుప్పెడు దూది లాగింది.

మర్నాడు, "పల్లంగా ఉంది." ఆ మర్నాడు, "మధ్యలో గడ్డ." ఇంకో రోజు, "బూరుగు వాసన." వచ్చిన ప్రతిసారీ సైకిలు షాపు దాకా వినపడేలా చెప్పాడు. ఆమె దూది తీసింది, పెట్టింది, మెడ కిందికి వచ్చే అంచున కాస్త దట్టించి, తల ఆనే చోట పల్చన చేసింది. ఏ రోజుకారోజు ఆయన మొహం నున్నగా, పొద్దుటి పూట ఉడుకునీళ్ళ స్నానం చేసిన పెళ్ళికొడుకులా మెరుస్తోంది.

ఒక రోజు దిండు చేతిలోకి తీసుకున్న మార్త ఆగిపోయింది. నిద్ర పట్టనివాడి దిండు చుట్టూ ముడతలు పడతాయి, నాలుగు మూలలూ నలుగుతాయి. దీనికి మధ్యలో ఒకటే గుంట. కోడి పొదిగి లేచిన గంపలా ఉంది.

"రామకోటేశ్వరరావు గారూ, ఈ గుంట చూడండి. మీరు రాత్రి కదల్లేదు."

"నిద్ర నాదా నీదా?"

"పోనీ, కాసేపు ఎండలో పెడదాం. అదే చెబుతుంది."

ఆయన దిండు లాక్కుని చంకలో పెట్టుకున్నాడు. "నా ఇంటి దిండు నడిరోడ్డులో పెట్టి నా పరువు ఆరబెడతావా? దీని మీద చెయ్యి వేస్తే మర్యాదగా ఉండదు. నెలాఖరు ఎంతో దూరం లేదు. బస్తాలు కట్టుకో."

సాయంత్రం ఛాయాదేవి కొత్తిమీర కొనుక్కుని వెళ్తూ కొట్టు ముందు తచ్చాడింది. "ఏమనుకోకు మార్తా. ఆయనకి నిజంగానే పట్టడం లేదు. పాత దిండు మీద కాస్తో కూస్తో గురకైనా పెట్టేవారు. ఇప్పుడు గదిలోంచి చప్పుడే లేదు. అలా కప్పు చూస్తూ పడుకుంటున్నారు కాబోలు. పిలిస్తే పలకకపోతే ఇల్లు ఎగిరిపోతుంది. అందుకని నేనూ కూర్చునే ఉంటున్నా."

మార్త ఆవిడ మొహంలోకి చూసింది. దిండు బాగా కుదిరితే గురక బయటికి రాదు, మొత్తం దూదిలోకే ఇంకిపోతుంది. దిండ్లు కుట్టేవాళ్ళకి తప్ప ఈ సంగతి ఇంకెవరికీ పట్టదు. "అమ్మగారూ, చప్పుడు లేదంటే..." అని ఆమె మొదలుపెట్టేలోపే డాబా మీంచి "ఏమే" అని కేక వినపడింది. కొత్తిమీర కట్ట పట్టుకుని ఛాయాదేవి పరుగెత్తింది.

నెలాఖరుకి వారం ఉందనగా రామకోటేశ్వరరావు మెడ పట్టేసింది. ఒకే పక్కకి, మొద్దులా, రాత్రంతా పడి నిద్రపోయిన మనిషికి పట్టక ఏం చేస్తుంది. తల ఎడమవైపుకి తిరిగి అక్కడే బిగుసుకుంది. అబ్రహాముని కేకేసి మెడకి నూనె రాయించుకుంటున్నాడు. రాస్తున్న అబ్రహాము ఊరికే ఉండలేక, "మెడ పడితే దిండు ఎండలో పెట్టాలి గదండీ," అన్నాడు.

"నోరుముయ్యి. నూనె రాయి."

ఆ మాట ఛాయాదేవి విన్నది. ఆవిడ పుట్టింట్లో, అత్తింట్లో, ఎవరికి మెడ పట్టినా దిండు ఎండలో పెట్టాల్సిందే. మగవాళ్ళు వద్దంటారు, ఆడవాళ్ళు పెడతారు, సాయంత్రానికి మెడ తిరుగుతుంది. దానికి ఇంకొకరి అనుమతి అక్కర్లేదు. ఆవిడ భర్త దిండు తీసుకుని ఆయన కుడిపక్క నుంచి నడిచి వెళ్ళింది. తల ఎడమకి బిగుసుకున్న మనిషికి కుడిపక్క ప్రపంచం లేదు.

ఎలాగూ మేడెక్కుతోంది కదా అని తన దిండు కూడా చంకన పెట్టుకుంది. రెండింటినీ వీధివైపు పిట్టగోడ మీద పక్కపక్కన ఆనించింది.

మార్త అప్పుడు బస్తాలకి మూతి కడుతోంది. డాబా మీంచి ముందు పెద్ద నిట్టూర్పు వినపడింది. తరవాత గురక. వడ్లమిల్లు ఇంజను పట్టు అందుకున్నట్టు మెల్లగా మొదలై, లావెక్కి, వీధి పొడుగునా పరుచుకుంది. మధ్యలో పెదాలు చప్పరించిన చప్పుడు. "అబ్బ, ఎంత హాయిగా ఉందిరా" అని రామకోటేశ్వరరావు గొంతు. మళ్ళీ గురక. రిక్షావాడు తొక్కడం ఆపాడు. కుళాయి దగ్గర ఆడవాళ్ళు బిందెలు నిండి పొర్లుతున్నా తియ్యలేదు. మర్యాద తెలిసినవాళ్ళు మొహం తిప్పుకున్నారు, కానీ ఎవరూ కదల్లేదు.

ఒక రాత్రి నిద్ర ఆరడానికి ఎంతసేపు పడుతుందో మార్తకి తెలుసు. ఈ గురక అన్నాల వేళ దాటినా తగ్గలేదు. అంటే ఒక్క రాత్రి కూడా వృథా పోలేదు. ఎత్తన్న రోజూ, పల్లమన్న రోజూ, వాసనన్న రోజూ మనిషి ఒళ్ళు తెలియకుండా పడుకున్నాడు.

ఇంకో సంగతి కూడా ఆమె చూసింది. పక్కనున్న ఛాయాదేవి దిండు లోంచి ఏమీ రావడం లేదు. అంత ఎండలో చిన్న ఆవలింత కూడా లేదు. అంగట్లోంచి ఇప్పుడే తెచ్చినట్టు ఉంది, గలేబు మాత్రం ఉతికి ఉతికి వెలిసిపోయింది. పిట్టగోడ వెనక ఛాయాదేవి నిలబడి, ఒక దిండు వైపు చూసి, ఇంకో దిండు వైపు చూసింది.

తరవాత మెట్లు దిగి, వీధిలోకి వచ్చి, కొట్లోకి నడిచింది. వెనకాలే రామకోటేశ్వరరావు వచ్చాడు. ఎదర చూడాలంటే ఒళ్ళంతా కుడికి తిప్పుకోవాలి కాబట్టి పీతలా పక్కగా నడుస్తూ వచ్చాడు.

"బస్తాలు విప్పు మార్తా," అంది ఛాయాదేవి. "కొట్టు ఎక్కడికీ పోదు."

"ఎవరు చెప్పడానికి నువ్వు? ఇంట్లోకి నడు."

"కొట్లు నా పేరున్నాయి."

"నీ పేరున పెడితే నీవైపోతాయా? భూముల సీలింగు గొడవకి భయపడి రాయించాను. సంతకం పెట్టమంటే పెట్టావు, అంతే."

"ఆఫీసులో మీరే చెప్పారుగా, ఇవన్నీ మా ఆవిడవి, నాకేం సంబంధం లేదని. ఆఫీసరు నన్ను కూడా అడిగాడు. మీరు చెప్పమన్నట్టే చెప్పాను. ఇప్పుడు వెళ్ళి కాదని చెప్పండి. నేనూ వస్తాను."

రామకోటేశ్వరరావు మొహం ఎర్రబడింది. సీలింగు ఆఫీసులో ఆ మాట అంటే పోయేది ఈ కొట్లొక్కటే కాదు, పామర్రు పొలాలు కూడా. సైకిలు షాపు ముందు నలుగురు నిలబడి ఉన్నారు. వాళ్ళ వైపు చూడకుండా ఉందామన్నా ఆయన తల అటే తిరిగి ఉంది.

"రబ్బరాయనకి మాటిచ్చాను," అన్నాడు చివరికి, గొంతు తగ్గించి.

"నిద్ర పడితే మార్త జోలికి రానని కూడా ఇచ్చారు."

ఆవిడ ఇక ఆయనతో మాట్లాడలేదు. "మార్తా, నాకో దిండు కావాలి."

"కూర్చోండి అమ్మగారూ. కొలుస్తాను. పక్కకి తిరిగి పడుకుంటారా, వెల్లకిలా పడుకుంటారా?"

ఛాయాదేవి ఆలోచించింది. "తెలీదు," అంది.

కొట్లో వెనకవైపు చాప పరిచి ఉంది. చేతికందిన దిండు, ఇంకా మూల కుట్టనిది, తీసుకుని ఆవిడ చాప మీద ఒరిగింది. మార్త బెత్త పెట్టి చూద్దామని వంగేసరికి ఆవిడ కళ్ళు మూతపడ్డాయి. పక్కకే తిరిగింది, మోకాళ్ళు దగ్గరికి లాక్కుని. దిండు ఒక వేలు ఎత్తు ఎక్కువైంది. మార్త విడిచి ఉన్న మూలలో రెండు వేళ్ళు పెట్టి, దూది కొంచెం కొంచెంగా, ఆవిడకి తెలియకుండా లాగింది. మెడ సమంగా వాలింది. ఊపిరి చప్పుడు కూడా ఆగిపోయింది. అంతా దూదిలోకి పోతోంది.

బయట రామకోటేశ్వరరావు, "ఏమే," అని పిలిచాడు.

కాసేపు ఆగి మళ్ళీ, "ఏమే, వినపడలా?"

మార్త చెక్క తలుపులు ఒక్కొక్కటే పెట్టసాగింది, చివరి చెక్క మిగిలే దాకా.

"అన్నం ఎవరు పెడతారు?" అన్నాడాయన ఆ సందులోంచి, తల ఇంకెటో పెట్టుకుని.

"మెల్లగా మాట్లాడండి," అని, మార్త ఆ చెక్క కూడా పెట్టేసింది.