కుట్టు తప్పిన దానిమ్మ

పొద్దున్నే కుట్టుమిషన్ మీది గుడ్డ తీసి, సూదిలో దారం ఎక్కించి, ఆ తర్వాత దానిమ్మకాయను చెవికి ఆనించుకుని వినడం టైలరమ్మకు అలవాటు. భర్త గుండెకు స్టెంట్ వేసినప్పటి నుంచీ అంతే. దానిమ్మ రసం తాగేవాళ్ళ ఇంటికి వచ్చిన కాయ, తాగేవాళ్ళ గుండెతో పాటే కొట్టుకుంటుంది. ఆ వీధిలో అది అందరికీ తెలిసిన సంగతే. పళ్ళవాడైతే "నిన్నటి కాయ ఎలా కొట్టుకుందమ్మా?" అని అడిగి మరీ తూచేవాడు.

డాక్టరు ముందే చెప్పాడు. "రసం మంచిదే. కొందరికి బీపీ కాస్త తగ్గుతుంది. చక్కెర మాత్రం కలపకండి. ఒకటి గుర్తుంచుకోండి, అది మాత్రలకు తోడే గానీ బదులు కాదు." ఆ చివరి మాట టైలరమ్మ రోజూ భర్తకు అప్పజెప్పేది. ఆయన బేకరీలో పొయ్యి దగ్గర పనిచేస్తాడు. వేడికీ, భార్య నోటికీ అలవాటు పడ్డ మనిషి.

ఆ రోజు కాయ రెండుసార్లు కొట్టుకుని ఆగింది. మళ్ళీ ఒకసారి కొట్టుకుని ఆగింది.

మిషన్ కుట్టు తప్పితే పక్కగదిలో ఉన్నా ఆమెకు తెలిసిపోతుంది. సూది దిగుతుంది, దారం పట్టదు, చప్పుడులో చిన్న గొయ్యి పడుతుంది. ఇప్పుడు కాయలో అదే గొయ్యి.

"కుట్టు తప్పుతోంది" అంది.

గౌను పొట్టి చేయించుకోడానికి వచ్చిన ఆడపడుచు తలెత్తింది. "ఏది వదినా, నా గౌనా?"

"మీ అన్నయ్య."

కాయతో సహా ఇద్దరూ వీధిలో పడ్డారు. బేకరీ వీధి చివరే, కానీ ఆ వేళ వీధి సాగదీసినట్టుంది. పొయ్యి ముందు ఆయన బోర్లా పడి ఉంటాడు, పక్కన రొట్టెలు మాడుతుంటాయి, ఎవరూ చూసి ఉండరు. ఆమె కళ్ళకు అదే కడుతోంది. రెండుసార్లు గోడ పట్టుకుని ఊపిరి తీసుకుంది. వారంగా లాగుతున్న ఎడమ భుజం ఇప్పుడు మెలిపెడుతోంది. వంగి కుట్టేవాళ్ళకు భుజాలు లాగక ఏం చేస్తాయి అనుకుని మళ్ళీ పరుగెత్తింది.

ఆయన నిక్షేపంలా నిలబడి, ఒళ్ళంతా పిండితో, విరిగిన బిస్కట్ నములుతున్నాడు.

"ఏంటే, కొంప అంటుకుందా?"

"ముందు కూర్చోండి! మాత్ర వేసుకున్నారా?"

"వేసుకున్నాను."

"ఒట్టు?"

"నీ మీద ఒట్టు."

"నా మీదెందుకు, మీ మీదే వేసుకోండి!"

ఆయన మణికట్టు పట్టుకుంది. నూనె వేసిన మిషన్‌లా నాడి వరసగా నడుస్తోంది. రెండో చేతిలో కాయ మాత్రం తడబడుతూనే ఉంది.

"పళ్ళవాడు పుచ్చిన కాయ అంటగట్టాడేమో వదినా" అంది ఆడపడుచు రొప్పుతూ.

ఆయన కాయను తీసుకుని, పిండి అంటిన రెండో చేత్తో భార్య మణికట్టు పట్టుకున్నాడు. రెండూ ఒకేచోట తడబడుతున్నాయి.

"రోజూ గ్లాసులో నేనెంత తాగుతాను?"

"ఒక్క గుక్క. పులుపంటారుగా."

"మిగతాది?"

"పారబోస్తానా మరి? నేనే..." అని ఆగిపోయింది.

"చెల్లీ, ఆటో పిలువు" అన్నాడాయన.

అప్పటిదాకా ఆయన చుట్టూ తిరిగిన భయం, ఇల్లు గుర్తుపట్టిన పిల్లిలా వచ్చి ఆమె ఒళ్ళో కూర్చుంది.

ఆస్పత్రిలో డాక్టరు స్టెతస్కోపు ముందు కాయ మీద పెట్టాడు, తర్వాత ఆమె గుండె మీద పెట్టాడు. "నడిపించకండి. రక్తనాళం మూసుకుపోతున్నట్టుంది. సమయానికే తెచ్చారు, ఇప్పుడే లోపలికి తీసుకెళ్దాం" అన్నాడు.

స్ట్రెచర్ కదిలింది. పైకప్పు దీపాలు ఒకదాని వెనక ఒకటి వెనక్కి పోతున్నాయి. పక్కనే ఆయన, చెవి దగ్గర కాయతో, పరుగులాంటి నడకతో వస్తున్నాడు.

"కొట్టుకుంటోందా?" అంది ఆమె.

"కొట్టుకుంటోంది. నువ్వు మాట్లాడకు, వినపడట్లేదు."

పెళ్ళయ్యాక మొదటిసారి, ఆయన చెప్పగానే ఆమె నోరు మూసుకుంది.