కాదనకూడని గ్లాసు

మా బల్గేరియా కొండపల్లెల్లో జనవరిలో ఒక్క రోజు మగవాళ్ళకు నోరుండదు. ఆ రోజు మంత్రసాని పండగ. ఆ ఏడాది కాన్పైన తల్లులంతా మంత్రసాని చేతుల మీద నీళ్ళు పోసి, సబ్బూ తువ్వాలూ పెట్టి, మెడలో ఎండుమిరపకాయల దండ వేసి, తాగి తందనాలాడతారు. పొరపాటున మగాడెవడైనా గడప తొక్కితే లాగూ ఊడబెరికి పంపుతారు.

మా ఊరి ఆసుపత్రిలో కాన్పుల వార్డు మూసేశాక మా చుట్టుపక్కల ఊళ్ళకు మిగిలిన మంత్రసాని దఫీనా ఒక్కతే. తక్కినవాళ్ళు ఒకరి వెనక ఒకరు జర్మనీ బస్సెక్కారు. ఆ వార్డులో నేల తుడిచినదాన్ని కాబట్టి అందరికీ చెయ్యూపి పంపింది నేనే. ఇప్పుడు దఫీనా వంతు. పండగనాటి సాయంత్రమే బస్సు. అది తప్పితే అక్కడి ఆసుపత్రిలో ఉద్యోగం ఇంకొకరికి పోతుంది.

మా ఊరి పెద్దావిడ తోతాకు ఇది మింగుడుపడలేదు. ఆమె కోడలు నెవేనాకు నెలలు నిండుతున్నాయి. అంతకుముందు వచ్చిన కడుపులు నిలవలేదు. పెద్దాసుపత్రి కనుమ అవతల ఉంది, మంచు పడితే దారే ఉండదు. దఫీనా పురుడు పోస్తే బిడ్డ దక్కుతుందని తోతా నమ్మకం. అందుకే పండగ తన ఇంట్లో పెట్టించింది.

పండగనాడు తల్లి ఇచ్చిన సారా గ్లాసు మంత్రసాని కాదనకూడదు. కాదంటే ఆ బిడ్డకు కీడంటారు. తోతా ఆ మాట పట్టుకుని తల్లుల్ని వరసగా దఫీనా మీదికి తోలింది. గ్లాసులన్నీ తనే నింపింది. తను మాత్రం మంచినీళ్ళు తాగింది.

“చాల్లే అక్కా, బస్సులో కక్కుకుంటే పరువు పోద్ది,” అంది దఫీనా.

“జర్మనీలో నీ పరువెవరికి కావాలే? ఇది స్తాంకా కూతురి పేరున. కాదంటావా?” అంది తోతా, బాలింత స్తాంకా చేతిలోని గ్లాసు చూపిస్తూ.

దఫీనా కాదనలేదు. బస్సు వెళ్ళిపోయేసరికి ఆమె సోఫాలో పాట మధ్యలోనే నిద్రపోయింది. తోతా ఆమె బూట్లు విప్పి, కన్నకూతురికి కప్పినట్టు దుప్పటి కప్పింది.

“రేపు తిడతాది. తిట్టనీ. కోడలి కాన్పు కానిచ్చి పోతాది,” అంది నాతో.

తల్లులు ఇళ్ళకు పోయారు. గిన్నెలు కడగడానికి నేను ఉండిపోయాను. అవి ఇంకా పూర్తికాకముందే పక్కగదిలోంచి నెవేనా పిలిచింది. ఉమ్మనీరు పోయింది. నెలలు ఇంకా నిండనేలేదు.

అంబులెన్సుకు ఫోన్ చేశాను. తోతా, నేనూ దఫీనాను కుదిపి లేపి, చిక్కటి కాఫీ తాగించి, మొహాన మంచు రుద్దాం. ఆమె నెవేనా పొట్ట తడిమి చూసింది. తర్వాత తన చేతులు చాచి దీపం కింద చూసుకుంది.

“బిడ్డ అడ్డం తిరిగిందక్కా. తిప్పాలి. నా చెయ్యి నా మాట వినట్లేదు.”

“మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలి. పట్టు,” అంది తోతా.

దఫీనా ఏడుస్తూనే ప్రయత్నించింది. కనుమ దాటి అంబులెన్సు వచ్చేసరికి నెవేనా బతికి ఉంది. పిల్లాడు మాత్రం ఏడవలేదు.

మంత్రసాని తాగి బిడ్డను చంపిందని ఊరంతా కోడై కూసింది. తోతా నోరు మెదపలేదు. నాకు ఒళ్ళు మండి, రొట్టెల కొట్టు దగ్గర అందరి ముందూ ఆ గ్లాసులు ఎవరు నింపారో చెప్పేశాను. దఫీనా నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది.

“ఊరుకో. తాగింది నేనేగా.”

దఫీనాకు జర్మనీ ఆసుపత్రి ఉద్యోగం పోయింది. అక్కడే ఒక వృద్ధాశ్రమంలో ముసలాళ్ళకు ఒళ్ళు తుడిచే పని దొరికింది. ఇక కాన్పులు పట్టనంది.

మరుసటి బస్సు దగ్గరికి ఆమెను సాగనంపడానికి నేనొక్కదాన్నే వెళ్ళాననుకున్నాను. అంతలో తోతా వచ్చింది. ఒక చేతిలో నీళ్ళ కూజా, ఇంకో చేతిలో సబ్బు, భుజాన కొత్త తువ్వాలు. వెనక నెవేనా, శాలువా కప్పుకుని, పాలిపోయి ఉంది.

“చేతులు చాపు తల్లీ. నీళ్ళు పోస్తా. అందరి ముందూ పోస్తా,” అంది తోతా.

“ఏ బిడ్డ పేరున పోస్తావత్తా?” అంది నెవేనా.

తోతా ఎత్తిన కూజా దించేసింది, నీళ్ళు మంచులో ఒలికాయి. దఫీనా నెవేనాను దగ్గరికి తీసుకుని నుదుటి మీద ముద్దు పెట్టింది. తర్వాత చేతులు రెండూ కోటు జేబుల్లో పెట్టుకుంది.

“పండగైపోయిందక్కా. ఇవాళ కాదనొచ్చు,” అని బస్సెక్కింది.