పూలు కోయరాదు

"పువ్వులు చూడ్డానికి గుంటూరు దాకా ఎవరైనా పోతారా? మన చేలో లేని పువ్వులా?" అన్నాడు వెంకటనారాయణ, తాగేసిన టీ గ్లాసు భార్య పక్కన నేల మీద పెడుతూ.

శేషారత్నం తలెత్తలేదు. ముక్కుకి తువ్వాలు చుట్టుకుని, కల్లంలో మిరపకాయల కుప్ప ముందు పీట వేసుకుని తాలుకాయలు ఏరుతోంది. ఎర్రటి కాయల్లోంచి తెల్లబారినవాటిని వేరుచేసి పక్కన పడేయాలి. అదీ పని. చేలో కాయ కోసే ముఠా ఆడవాళ్లకి కూలి ఉంది. కల్లంలో ఇంటావిడ చేసేదానికి మాత్రం పేరు కూడా లేదు. ఎవరైనా అడిగితే "అవన్నీ మా ఇంట్లోవాళ్లు చూసుకుంటారు" అంటాడు వెంకటనారాయణ. ఆ ఇంట్లోవాళ్లు అంటే ఒక్క శేషారత్నమే.

ఆయన అన్నది అబద్ధం కాదు. చేలో పువ్వులున్నాయి. మిరప పూత తెల్లగా, తల దించుకుని, అత్తారింటికి కొత్తగా వచ్చిన పిల్లలా ఉంటుంది. పత్తి పువ్వు ఇవాళ లేత పసుపు, రేపు గులాబీ. అంత అందమైనవాటి ముందు నిలబడి "అబ్బ, ఎంత బాగుంది" అన్న మనిషిని ఆవిడ ఇంతవరకూ చూడలేదు. పూత ఎంత నిలిచింది, ఎంత రాలింది, మందు ఎప్పుడు కొట్టాలి, ఇవే మాటలు. పెరట్లో మందారాలు అత్తగారి పూజకి, వాకిట్లో బంతిపూలు గుమ్మానికి. ఆ ఇంట్లో పని లేకుండా పూసే హక్కు ఒక్క పువ్వుకీ లేదు.

ఇంటర్ చదివే రోజుల్లో, గుంటూరులో హాస్టల్లో ఉన్నప్పుడు, ఒక మాఘమాసంలో పిల్లలందరూ కలిసి పార్కుకి వెళ్లారు. పళ్లేలంత డేలియాలు, చామంతులు, పేరు తెలియని ఊదాపూలు మళ్లు మళ్లుగా ఉన్నాయి. అవి దేనికి పనికొస్తాయని ఎవరూ అడగలేదు. ఆ పూట తనని కూడా ఎవరూ ఏ పనీ అడగలేదు. ఆ రెండూ కలిసిపోయి, అంత సంతోషం ఇంకెక్కడా లేదన్నట్టు ఆవిడ మనసులో ఉండిపోయాయి.

తర్వాత పెళ్లయింది. వచ్చిన చిక్కల్లా ఒక్కటే. పార్కులో పువ్వులు విరగబూసేదీ, చేలో మిరపకాయలు కోతకొచ్చేదీ ఒకే కాలం. కల్లం ఖాళీ అయ్యేసరికి అక్కడ పూలు ఎండిపోతాయి. దానికి తోడు అత్తగారు సుబ్బరావమ్మ మాట ఒకటి: "కల్లంలో కాయలుండగా ఇంటి ఆడది ఊరు దాటకూడదమ్మాయ్. సిరి అలుగుతుంది." ఆవిడ కొడుకు మాత్రం మిర్చి యార్డుకని, బ్యాంకుకని, మందుల షాపుకని వారంలో ఎన్నిసార్లు ఊరు దాటినా సిరి ఏమీ అనుకోదు.

వెంకటనారాయణ చెడ్డవాడేమీ కాదు. మాటిస్తే నిలబెట్టుకునే మనిషి. అందుకే ఒక ఏడాది, కాయలన్నీ కోల్డ్ స్టోరేజీకి చేరాక, పెళ్లాన్ని బండెక్కించుకుని పార్కుకి తీసుకెళ్లాడు. మే నెల. మిట్టమధ్యాహ్నం. మళ్లన్నీ బీటలువారి, మధ్యలో ఒక రబ్బరు పైపు చుట్ట చుట్టుకుని పడుంది. ఆయన అటూ ఇటూ చూసి, "ఇదా నువ్వు ఇన్నేళ్లూ గోల చేసింది?" అన్నాడు. పాపం, ఐస్‌క్రీమ్ కూడా కొనిపెట్టాడు. అప్పట్నుంచీ ఆవిడ పార్కు అంటే చాలు, "చూపించాను కదే" అంటాడు. ఇచ్చిన మాట చెల్లిపోయింది ఆయన లెక్కలో. ఆ ఐస్‌క్రీమ్ తిన్న పాపానికి శేషారత్నానికి అడిగే నోరు కూడా పోయింది.

ఇదిగో, ఈ శనివారం మళ్లీ అడిగింది. మళ్లీ అదే జవాబు.

సాయంత్రం ముఠా మేస్త్రి శాంతి వచ్చింది. కోత ఆడవాళ్లందరినీ పోగుచేసి తెచ్చేది తనే.

"రేపు మేం రామండీ. ఆదివారం."

"కోతల్లో ఆదివారం ఏంటి శాంతీ! కాయ పండిపోయి రాలతంటే," అన్నాడు వెంకటనారాయణ.

"కాయ సోమవారం కూడా చెట్టు మీదే ఉంటదండీ. ఆదివారం మాత్రం రేపే. పొద్దున్నే ప్రార్థనకి గుడికెళ్తాం, వచ్చి ఇంత కూర వండుకుని తిని పడుకుంటాం."

ఆయన గొణుక్కుంటూనే సరే అన్నాడు. ముఠా అలిగితే సిరి అలిగినదానికంటే ప్రమాదమని ఆయనకి తెలుసు. శాంతి వెళ్తూ వెళ్తూ శేషారత్నం పక్కన గొంతుక్కూర్చుంది.

"నీకు ఏ రోజక్కా సెలవు?"

ఎగతాళికి అడగలేదు. నిజంగానే అడిగింది. "మాకేం సెలవులే, సొంత పని కదా" అనబోయింది శేషారత్నం. ఆ 'సొంత' దగ్గర మాట ఆగిపోయింది. కాయలు సొంతం, చేను సొంతం, ఇల్లు సొంతం, సరే. ఈ సొంతాల్లో తనకి ఒక్క రోజు ఎందుకు లేదు? తువ్వాలు తీసి కళ్లు తుడుచుకుంది. చేతులకున్న మంట కళ్లకి ఎక్కింది. శాంతి "అయ్యో, కారం చేతులక్కా!" అని చెంబు అందుకుని కళ్ల మీద నీళ్లు కొట్టింది.

మర్నాడు పొద్దున శేషారత్నం మంచుకి కప్పిన పట్టాలు తీసి కాయలు పరిచింది. అన్నం, పప్పు వండి మూతలు పెట్టింది. తలస్నానం చేసి, బీరువాలో మడత నలగని ఊదారంగు చీర కట్టుకుని బయటికి వచ్చి, "గుంటూరు వెళ్లొస్తాను. సాయంత్రానికి వచ్చేస్తా" అంది.

"చూపించాను కదే!"

"మీరు పార్కు చూపించారండీ. పువ్వుల్ని చూపించలేదు."

అరుగు మీద నుంచి సుబ్బరావమ్మ, "కల్లంలో కాయలుండగా..." అని మొదలుపెట్టింది.

"సిరి అలిగితే కాస్త మీరు బతిమాలుతూ ఉండండి అత్తయ్యా. సాయంత్రం నేనొచ్చి చూసుకుంటాను."

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని బస్టాపు దాకా ఆశ్చర్యపోతూనే నడిచింది. వెనక్కి మాత్రం తిరగలేదు.

పార్కు గేటు దాటగానే ముందు తుమ్ము వచ్చింది. అలవాటు. రెండో తుమ్ము రాలేదు. చామంతుల వాసన అంత మెత్తగా ఉంటుందని ముక్కు మర్చిపోయినట్టుంది. ఎక్కడ చూసినా పువ్వులే. డేలియాలు అప్పటంత పెద్దవి కావేమో, అయినా చాలా పెద్దవే. ఒక మడి పక్కన బోర్డు ఉంది. 'పూలు కోయరాదు.'

శేషారత్నం ఆ బోర్డు ముందు నిలబడి నవ్వడం మొదలుపెట్టింది. సంక్రాంతి వెళ్లింది మొదలు పొద్దున లేస్తే కోత, పడుకోబోతే కోత. ఎవరెన్ని కోశారు, ఎన్ని మిగిలాయి, ఎప్పటికవుతుంది. కోయొద్దని, ఊరికే చూడమని ఎవరైనా ఎదురుగా రాసిపెట్టడం ఇదే మొదటిసారి. అలవాటుగా ముందుకెళ్లిన చేతుల్ని వెనక్కి కట్టుకుని, పువ్వుల్ని పేరుపేరునా పలకరిస్తున్నట్టు మడి మడీ తిరిగింది.

బెంచీ మీద ఉన్న ఒకావిడ జరిగి చోటిచ్చింది. పేరు నసీమున్నీసా అనీ, కుట్టుపని చేస్తాననీ చెప్పింది.

"ఎవరికోసమైనా చూస్తున్నారా?"

"లేదండీ. నేనొక్కదాన్నే వచ్చా."

"నేనూ అంతే. చూసి పోతా," అందావిడ. ఇద్దరూ చాలాసేపు పక్కపక్కనే కూర్చుని పువ్వుల్ని చూశారు. అది కూడా బాగుంది.

ఫోన్ మోగింది. "టీ పొడి ఎక్కడుంది?" అన్నాడు వెంకటనారాయణ.

"పొయ్యి పక్కన, పచ్చ మూత డబ్బాలో."

"పచ్చ మూతవి రెండున్నాయి."

"రెండూ తీసి చూడండి. ఒకదాంట్లో ఉంటుంది," అని ఫోన్ సంచిలో పెట్టేసింది. నసీమున్నీసా చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వింది.

సాయంత్రం ఇల్లు చేరేసరికి వెంకటనారాయణ కల్లంలో పీట మీద కూర్చుని ఉన్నాడు. ముక్కు ఎర్రగా ఉంది. తాలు ఏరాడు. ఎలా ఏరాడంటే, తాలులో సగం మంచి కాయలే.

"నడుం పడిపోయిందే," అన్నాడు. తర్వాత కాస్త తగ్గి, "పువ్వులు బాగున్నాయా?" అన్నాడు.

"బాగున్నాయి. ఇంకా బోలెడు మొగ్గలున్నాయి. వచ్చే వారానికి విచ్చుకుంటాయి."

ఆ 'వచ్చే వారం' ఆయనకి వినపడిందో లేదో. కుప్ప వైపు చెయ్యి చూపించి, "ఇదిగో, ఇవి మళ్లీ ఒకసారి చూడు. నాకేం తెలియట్లేదు," అన్నాడు.

చేతులు ముందుకి పోబోయాయి. ఏళ్ల తరబడి అలవాటైన చేతులు. శేషారత్నం వాటిని పార్కులో కట్టుకున్నట్టే వెనక్కి కట్టుకుంది.

"రేపు చూస్తానండీ," అంది. "ఇవాళ ఆదివారం."