పటంల లేని పిట్ట

నారాయణఖేడ్ బస్టాండు కాడ తాహెర్‌ది కండ్లద్దాల దుకాణం. చుట్టుపక్కల ఊర్లోళ్ల చూపు సక్కజేసి పంపుతడు. గని తన కండ్లతోని తాను చూసిందాన్ని మాత్రం ఒక్కడంటే ఒక్కడు నమ్మకపాయె. నవ్వులాట గాదు, మనిషిని లోపల్లోపల తినే బాధ అది.

సంగతేందంటే, కొన్నేండ్ల కింద ఒక వానకాలం పొద్దుగాల ఆయన బండి మీద మనూరు దిక్కు పోతుండు. రోడ్డు పక్కన గైరాన్, అంటే గొడ్లు మేసే సర్కారు గడ్డి భూమి. ఆ గడ్డిలకెళ్లి ఒక నల్లటి పిట్ట నిట్టనిలువుగ లేచింది. గాలిల జరసేపు రెక్కలు కొట్టుకొని, మళ్ల గడ్డిలనే పడ్డది. బండి ఆపి స్టాండు వేసేలోపల మాయం. నేల నెమలి! దేశం మొత్తం గాలించినా కొన్ని వందలు దొరుకుతయో దొరకవో అన్నట్టున్న జాతి. తాహెర్‌కు ఆ దినం అన్నం సయించలే. సంబురం ఆపుకోలేక, జిల్లాల పిట్టలు చూసేటోళ్ల వాట్సప్ గ్రూపుల పెట్టిండు.

గ్రూపుకు పెద్ద సంగారెడ్డి నాగేశ్ సార్. మనిషి మంచోడే, నాలికకే పగ్గం లేదు. "నెమలి పిల్లను చూసి నేల నెమలంటున్నవ్ తాహెర్. నీ దుకాణంలకెళ్లి ఒక జత అద్దాలు నువ్వే పెట్టుకోరాదు?" అన్నడు. ఇగ జూస్కో! ఆనాటి సంది గ్రూపుల ఎవడు ఏ మసక ఫోటో పెట్టినా, "తాహెర్ భాయ్ నెమలి పిల్ల గాదు గద" అని ఒకడనుడు, మిగిలినోళ్లు పండ్లికిలించుడు. ప్రతి వానకాలం తాహెర్ ఆ గైరాన్ చుట్టు తిరుగుతనే ఉన్నడు. పిట్ట మాత్రం కనబడలే.

అసుంటిది, ఈ శ్రావణంల తెలంగాణ పిట్టల మీద రెండు కొత్త పుస్తకాలు అచ్చయి వచ్చినయి, రెండూ తెలుగులనే. ఒకటి దొడ్డుది, నున్నటి కాగితం, పేజీ పేజీకీ ఫోటోలు. ఇంకోటి సన్నది, అన్నీ చేత్తోని గీసిన బొమ్మలు. జిల్లాల ఉన్న బడులన్నిటికీ ఏదన్న ఒకటి పంచాలని గ్రూపోళ్లు అనుకున్నరు. గడ్డి భూముల పిట్టలు ఖేడ్ దిక్కోళ్లకే ఎరుక గదా అని, నాగేశ్ సార్ రెండు పుస్తకాలను తాహెర్‌కే పంపి, "ఆదివారం పొద్దుగాల ఫోన్ చేస్త, ఏది మంచిదో చెప్పు, మీ మాటే ఖాయం" అన్నడు.

శుక్రారం నమాజు అయినంక దుకాణంల పంచాయతి కూసున్నది. తాహెర్, ఆయన చెల్లె సాజిదా, మాణిక్యప్ప. సాజిదా ఆడపిల్లల గురుకులంల జీవశాస్త్రం టీచరు. మాణిక్యప్ప ఆర్టీసీ బస్సు నడిపి రిటైరయినోడు, స్టీరింగు ముందట కూసోని పిట్టలను గుర్తువట్టుడు నేర్చిండు. పుస్తకం చూసే తీరుల ముగ్గురికి మూడు తొవ్వలు. మాణిక్యప్ప అట్ట పట్టి గుంజి, "వానల తడిస్తే కుట్టు ఊడుతదా?" అని చూసిండు. సాజిదా సీదా మట్టిరంగు పిట్టల పేజీ తీసింది.

"నెమలిని ఎవడన్న గీస్తడు కాకా. మట్టిల కలిసిపోయే బరత పిట్టను సక్కగ గీసినోడే మొగోడు" అన్నది.

తాహెర్ ఏ పేజీ తీసిండో చెప్పాల్నా? నేల నెమలి పేజీ. అది యాడ యాడ ఉంటదో చూపే పటం రెండు పుస్తకాలల్ల ఉన్నది. బొమ్మల పుస్తకంల మన దిక్కు తెల్లగ ఉన్నది, ఒక్క చుక్క లేదు. ఫోటోల పుస్తకంల మాత్రం సరిగ్గ నారాయణఖేడ్ మీద ఒక ప్రశ్న గుర్తు. కింద "ఇక్కడ ఉండవచ్చును" అని రాత. ఇన్నేండ్లకు ఒక పుస్తకం ఆయన దిక్కు నిలబడ్డది! ఇది బడులల్లకు పోతే చాలు, నాగేశ్ సార్ నోరు బందయితది.

"ఫోటోల పుస్తకమే" అన్నడు తాహెర్.

"ఏం చూసినవని భయ్యా?" సాజిదా పేజీలు తిప్పి చూపింది. "పాలపిట్టకు సిరా ఒంపినట్టుంది రంగు. గీ రెండు గద్దల పేర్లు అటుదిటు, ఇటుదటు అచ్చుగొట్టిన్రు. ఇంగ నీ ప్రశ్న గుర్తులు, ఇదిగో, ప్రతి పటంల ఉన్నయి. కూరల ఉప్పు సల్లినట్టు సల్లిండు. తెల్వనప్పుడు తెల్వదనాలె, ఉండొచ్చు ఉండొచ్చు అంటే ఎట్ల?"

తాహెర్‌కు కోపమొచ్చింది. చెల్లె చెప్పింది నిజమని లోపల తెలుసు, అందుకే ఇంకింత వచ్చింది. "నువ్వూ వాళ్ల జమాతేనా?" అన్నడు. సాజిదా మొఖం చిన్నగయింది. మాణిక్యప్ప నడుమ దూరిండు: "అరె, లొల్లెందుకు? మన తీరు మనకుండె గద. ఆదివారం గైరాన్‌కు పోదాం. అక్కడ తేలుతది."

వాళ్ల తీరేందంటే, మూసిన పుస్తకం. పిట్ట కనబడితే ముందుగాల పుస్తకం తెరువొద్దు. ఎవరేం చూసిన్రో నోటితోని చెప్పాలె, ముక్కు ఎట్లుంది, కాళ్లెట్లున్నయి, ఎట్ల నడిచిందని. ఆ తర్వాతనే పేజీ. ముందే పుస్తకం చూస్తే, కన్ను పిట్టను చూడదు, పేజీనే చూస్తదని మాణిక్యప్ప పెట్టిన కట్టుబాటు.

ఆదివారం తెల్లారంగనే రెండు పుస్తకాలు సంచిల పెట్టుకొని మనూరు గైరాన్ చేరిన్రు. రాత్రి పడ్డ వానకు గడ్డి మోకాళ్లు దాటి ఊగుతుంది. మబ్బు కిందికి వంగి ఉన్నది. దుర్బీన్లు కండ్లకు పెట్టుకొని ఒక గట్టు వెనుక బోర్ల పండుకున్నరు. కొద్దిసేపటికి గడ్డిల ఏదో బుర్రుమని లేచింది.

"నేల నెమలి!" తాహెర్ అరిచిండు. "నల్లటి మెడ, రెక్కల మీద తెలుపు..."

ఆ పిట్ట పోయి ముంగటి మిట్ట మీద వాలి, మెడ చాపి వాళ్ల దిక్కు చూసింది. కౌజు పిట్ట. మట్టిరంగు కౌజు పిట్ట! నలుపు లేదు, తెలుపు లేదు. ఎవ్వరూ నవ్వలే. నవ్వినా బాగుండు అనిపించింది తాహెర్‌కు. రెండు రోజుల సంది ఆ పేజీనే నమిలి నమిలి మింగిండాయె, కండ్లల్ల అదే కూసున్నది. దుర్బీన్ కింద పెట్టి తల వంచుకున్నడు.

"సాజీ," అన్నడు మెల్లగ, "అప్పుడు కూడ గిట్లనే అయిందేమో. నేను చూసింది నెమలి పిల్లనే అయ్యుంటది."

నాగేశ్ సార్ ఎంత ఎక్కిరించినా ఒక్కనాడు వంగని మనిషి నోటికెళ్లి ఆ మాట విని సాజిదా కండ్లల్ల నీళ్లు తిరిగినయి. ఏదో అనబోయింది. మాణిక్యప్ప ఆమె చెయ్యి పట్టి ఆపిండు.

టర్ర్‌ర్ అని ఒక సప్పుడు. వానకాలపు కప్ప గొంతు లెక్క, గని కప్ప గాదు.

మళ్ల టర్ర్‌ర్. గడ్డి కదిలింది. అంతే, ఎదురుంగ కోడంత పిట్ట ఒకటి ఆకాశంలకు లేచింది! నల్లగ, నిగనిగ మెరుస్తున్న నలుపు. మెడ వెనక్కి ఇరుచుకొని, రెక్కలు గిలగిల కొట్టుకుంటుంటే ఆ రెక్కలల్ల తెలుపు మెరుస్తుంది. తల వెనుక సన్నటి ఈకలు, కొసలకు గంటెల లెక్క వెడల్పు, పైకి లేచి వంగినయి. మనిషి ఎత్తు లేచి ఒక్క క్షణం గాలిలనే ఆగినట్టు అనిపించింది. తర్వాత రెక్కలు సాచి కిందికి, గడ్డిలకు.

అది ఇంకోసారి లేచింది. ఇంకోసారి. అలుపు లేదు దానికి. ఇంత పెద్ద గైరాన్ల, మబ్బు కింద, చూసే దిక్కు లేనిచోట, ఆ గుప్పెడు పానం తన ఆడదాని కోసం నేనున్న నేనున్ననని ఆకాశానికి చెప్పుకుంటుంది. సాజిదా "సుబ్హానల్లా" అన్నది పెదవుల మీదనే. మాణిక్యప్ప టోపీ తీసి చేతుల పట్టుకున్నడు. తాహెర్‌కు ఏడుపొచ్చింది, ఆపుకోలే. పంతం, పుస్తకం, నాగేశ్ సార్, అన్నీ ఎటు పోయినయో పోయినయి. ఇంత అందాన్ని చూసే నసీబు నాకెట్ల దక్కింది అల్లా, అని ఒక్కటే లోపల తిరుగుతుంది.

"తీరు తప్పొద్దు," అన్నడు మాణిక్యప్ప. "ముందుగాల చెప్పున్రి."

"గొంతు కింద తెల్ల మచ్చ" అన్నది సాజిదా.

"లేచినప్పుడు కాళ్లు ముడుచుకున్నది" అన్నడు మాణిక్యప్ప.

"దిగేటప్పుడు రెక్కలు కొట్టలే. ఊకె సాచింది" అన్నడు తాహెర్.

అప్పుడు తెరిచిన్రు. ఫోటోల పుస్తకంల పిట్ట నిలబడి ఉన్నది, అంతే. ఎగురుతదని ఒక్క వరుస. బొమ్మల పుస్తకంల పేజీ అడుగున చిన్న చిన్న బొమ్మలు వరుసగ గీసి ఉన్నయి. లేచేటప్పుడు ముడిచిన కాళ్లు, ఇరిచిన మెడ, గొంతు కింద మచ్చ, దిగేటప్పుడు సాచిన రెక్కలు. ఇప్పుడే వాళ్ల పక్కన పండుకొని చూసి గీసినట్టు! తాహెర్ ఆ బొమ్మల మీద వేలు పెట్టి ఎంతోసేపు అట్లనే ఉన్నడు. యాడనో ఏ గడ్డిలనో ఎన్ని వానలల్ల నానిండో ఈ బొమ్మలు గీసిన మారాజు! అందుకే మన దిక్కు తెల్లగ ఇడిసిండు. చూడందాన్ని చూసిన్ననలే.

"ఇదే సాజీ. బడులకు ఇదే పోవాలె. మొన్న నిన్ను అనరాని మాటన్న, మనసుల పెట్టుకోకు."

"అది ఇడిసిపెట్టు భయ్యా, గిది చూడు!" సాజిదా తన ఫోన్ చూపింది. మొత్తం వీడియో తీసింది. పిట్ట లేచుడు, దిగుడు, అంతా సాఫ్‌గ ఉన్నది. "ఇగ ఎవడన్న నోరు తెరువనీ చూస్త!"

తాహెర్ మొఖం చందమామయింది. అప్పుడే మాణిక్యప్ప వాళ్ల భుజాలు తట్టి, దగ్గరనే ఉన్న గడ్డి దుబ్బు దిక్కు చూపిండు. ఇంకో పిట్ట, గడ్డిరంగుది, మెడ కిందికి వంచి దొంగలెక్క నడుచుకుంట వచ్చింది. దుబ్బుల సొచ్చి, అటుదిటు కదిలి, కిందికి ఒదిగి కూసున్నది. ఇంగ లేవలే.

"ఆడది," అన్నడు మాణిక్యప్ప. "గుడ్లున్నయి రా."

తాహెర్‌కు కల్హేర్ సంగతి యాదికొచ్చింది. పోయినేడు కల్హేర్ చెరువుల ఒక కొత్త బాతు దిగిందని గ్రూపుల పెడితే, తెల్లారేసరికి కార్ల మీద కార్లు వచ్చినయి. ఇంత పొడుగు కెమెరాలు పట్టుకొని బురదల దిగి తరిమిన్రు. పొద్దుమీకకముందే బాతు లేచిపోయింది, మళ్ల రాలే. నీళ్ల మీది పిట్టకే దిక్కు లేకపాయె, కాళ్ల కింద గుడ్లు పెట్టేదానికి ఏం దిక్కు?

తాహెర్ ఫోన్ గురగురమన్నది. నాగేశ్ సార్. మెల్లగ గట్టు దిగి ఎత్తిండు. సాజిదా ఎనుకనే వచ్చింది.

"ఏం తాహెర్, ఏ పుస్తకం?"

"బొమ్మలది సార్. దాని ముందట రెండోది పనికిరాదు."

"అరె! దాంట్ల మీ దిక్కు నేల నెమలి లేనే లేదంట గదనయ్య! నువ్వే ఒప్పుకుంటున్నవా?"

సాజిదా వీడియో ఉన్న ఫోన్‌ను ఆయన ముంగట ఊపింది. చెప్పు, చెప్పు భయ్యా, అని సైగ చేసింది. తాహెర్ గొంతుల మాట కొసకు వచ్చింది. ఇన్నేండ్ల మాట. నాలిక మీద తియ్యగ ఉన్నది. ఆయన గడ్డి దుబ్బు దిక్కు చూసిండు.

"ఒప్పుకుంటున్న సార్," అన్నడు. "నెమలి పిల్లనే అయ్యుంటది."

"నేను అప్పుడే చెప్తి గద!" ఫోన్‌ల నాగేశ్ సార్ పడి పడి నవ్వవట్టిండు.

సాజిదా అన్న మొఖంలకు చూసింది. ఫోన్ బ్యాగుల పెట్టి జిప్పు గుంజింది. గైరాన్ల టర్ర్‌ర్ అని వినబడ్డది, నల్లటి పిట్ట మళ్ల లేచింది. ఫోన్ల నవ్వు ఆగనే లేదు. తాహెర్ దాన్ని చెవి కాడనే పట్టుకొని, నోరు తెరుచుకొని ఆకాశం దిక్కు చూస్తుండు.